ముందు క్యాసెట్లు, తర్వాతే కంప్యూటర్

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. ఏడో తరగతిలో ఉండగా మా బాబాయి ఇంగ్లండ్ నుంచి వస్తూ జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ అనే చిన్న కంప్యూటర్ తెచ్చిచ్చాడు. రబ్బరు కీలు, టీవీకి తగిలించుకోవాలి, ప్రోగ్రాములు క్యాసెట్లో దాచుకోవాలి. నాలుగేళ్లు దానితోనే గడిపాను. తర్వాత పాడైతే ఎవరికో ఇచ్చేశాం. ఈమధ్య అచ్చం అలాంటిదే కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారని తెలిసింది. ఫొటో చూసినప్పటి నుంచి మనసు అటే లాగుతోంది. మా ఆవిడేమో "అదంతా ల్యాప్‌టాప్‌లో ఫ్రీగా వస్తుందట కదా, నాలుగు రోజులు ఆడి అటకెక్కిస్తారు" అంటోంది. మా అమ్మాయికి 12 ఏళ్లు. దానికేమైనా పనికొస్తుందేమో అని కూడా ఉంది. కొంటే ఏది కొనాలి? అప్పట్లో నేను రాసిన ప్రోగ్రాముల క్యాసెట్లు తొమ్మిది ఇంకా డబ్బాలో ఉన్నాయి. అవి ఇందులో పనిచేస్తాయా?

జవాబు: మీరు చివర్లో, పోనీ ఇదీ అడిగేద్దాం అన్నట్టు అడిగారు చూశారా, ఆ క్యాసెట్ల దగ్గరే మొదలుపెడతాను. కంప్యూటర్ ఈ నెల కొన్నా వచ్చే ఏడాది కొన్నా మీకు పోయేదేమీ లేదు. టేపు సంగతి అలా కాదు. దాదాపు నలభై ఏళ్లుగా డబ్బాలో ఉన్న టేపు అది. రోజులు గడిచేకొద్దీ దాని మీద ఉన్నది చెరిగిపోవడమే తప్ప ఇంకోటి జరగదు. ఆటలు ఎవరో ఒకరు ఎక్కడో భద్రం చేసే ఉంటారు. మీరు ఏడో తరగతిలో రాసిన ప్రోగ్రాము మాత్రం ప్రపంచంలో ఆ డబ్బాలో తప్ప ఇంకెక్కడా లేదు. అందుకని కొనాలా వద్దా అని మీరూ మీ ఆవిడా తేల్చుకునేలోపు ఆ టేపుల్లో ఉన్నదాన్ని ఫైళ్లుగా మార్చి పెట్టుకోండి. ఆ పనికి కొత్త కంప్యూటర్ అక్కర్లేదు, ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్ చాలు. ఎలాగో చివర్లో వివరంగా రాశాను.

ఇక కొనడం సంగతి. ఆటల కోసమైతే వద్దు. రోజూ కాకపోయినా వారానికోసారి దాని ముందు కూర్చుని నాలుగు లైన్లు టైపు చేద్దామనుకుంటే మాత్రం నిస్సందేహంగా కొనండి.

ఎందుకంటున్నానో చెప్తాను. ఫొటో చూడగానే మనసు లాగిందన్నారు. అది చిన్నతనం మీద మమకారం అని ఎవరైనా తీసిపారేస్తే ఒప్పుకోకండి. మమకారం ఉంటుంది, ఉండాలి కూడా. కానీ దాని కింద ఇంకో సంగతి ఉంది. స్పెక్ట్రమ్ ఆన్ చేస్తే ఏం కనిపించేదో గుర్తుందా? తెల్లటి తెర, అడుగున ఒక్క లైను కాపీరైట్ మాట, 1982 అన్న సంవత్సరం. ఎంటర్ నొక్కితే ఆ లైను పోయి దాని చోట మినుకుమినుకుమంటూ ఒక కె అక్షరం. అంతే. పాస్‌వర్డు లేదు, అప్‌డేట్ లేదు, ఇది చూడండి అది కొనండి అని పిలిచేవాళ్లు లేరు. మీరు ఏం చెప్తారా అని ఎదురుచూస్తూ కూర్చునేది. ఇవాళ మన చేతుల్లో ఉన్న ఏ యంత్రమూ అలా ఎదురుచూడదు.

ఇంకో సంగతి, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. ఆ యంత్రాన్ని ఒక మనిషి పూర్తిగా అర్థం చేసుకోగలడు. జెడ్80 ప్రాసెసర్, వేగం 3.5 మెగాహెర్ట్జ్. 48 కిలోబైట్ల మెమరీ. మీ ఫోన్లో తీసిన ఫొటో ఒకటి 3 మెగాబైట్లు ఉందనుకుంటే, అది పట్టాలంటే అలాంటి స్పెక్ట్రమ్‌లు 64 కావాలి. బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష, తెర మీద అక్షరాలు, టేపు చదవడం, కీబోర్డు చూసుకోవడం అన్నీ కలిపి 16 కిలోబైట్ల రోమ్‌లో, అంటే చెరపడానికి వీల్లేని చిప్పులో, ఇమిడిపోయాయి. అందులో ఏ బైటు ఏ పని చేస్తుందో వరసగా వివరిస్తూ 1983లోనే పుస్తకం వచ్చేసింది. ఇప్పటి ల్యాప్‌టాప్ గురించి అలాంటి పుస్తకం రాయడం ఎవరి తరమూ కాదు. అది తయారుచేసిన ఇంజినీర్లకే తమ వంతు భాగం తప్ప మిగతాది తెలియదు.

దాని లోపాలకి కూడా కారణాలు కనిపిస్తాయి. ఆటలో మనిషి బొమ్మ చెట్టు పక్కకి వెళ్లగానే చెట్టు రంగు మారిపోవడం గుర్తుండే ఉంటుంది. తెర అడ్డం 256 చుక్కలు, నిలువు 192. ఒక్కో చుక్కకి ఒక బిట్టు చొప్పున 6,144 బైట్లు. ప్రతి చుక్కకీ విడిగా రంగు ఇవ్వాలంటే మెమరీ చాలదు. అందుకని ఎనిమిది చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు ఉన్న ప్రతి గడికీ రెండే రంగులు, దానికి ఒక్క బైటు. మొత్తం 768 గళ్లు, 768 బైట్లు. రెండూ కలిపితే 6,912. రెండు బొమ్మలు ఒకే గడిలోకొస్తే రంగు ఒకరిది ఇంకొకరికి అంటుకోక తప్పదు. టేపు నుంచి బొమ్మ లోడ్ అయ్యేటప్పుడు ముందు నలుపు తెలుపుల్లో గీతలు గీతలుగా వచ్చి, చివర్న ఒక్కసారిగా పైనుంచి కిందికి రంగులు పరుచుకునేవి. ముందు వచ్చినవి ఆ 6,144, చివర వచ్చినవి ఈ 768. చిన్నప్పుడు అది మనకి ఒక వింత. ఇప్పుడు కారణం తెలిసి చూస్తే ఇంకా బాగుంటుంది.

మీ ఆవిడగారి ప్రశ్న న్యాయమైనది. దానికి సూటిగా జవాబు చెప్పాలి. అవును, ల్యాప్‌టాప్‌లో ఎమ్యులేటర్, అంటే ఒక కంప్యూటరుని ఇంకో కంప్యూటరులా నడిపించే ప్రోగ్రాము, వేసుకుంటే స్పెక్ట్రమ్ మొత్తం ఉచితంగా వస్తుంది. ఫ్యూజ్ అని ఒకటి ఉంది, ఏళ్ల తరబడి మెరుగుపరుస్తూ వచ్చినది. 1986లో స్పెక్ట్రమ్ తయారుచేసిన సింక్లెయిర్ సంస్థ కంప్యూటర్ వ్యాపారాన్ని కొనుక్కున్న ఆమ్‌స్ట్రాడ్ సంస్థ, ఆ రోమ్‌ని ఎమ్యులేటర్లతో కలిపి ఇచ్చుకోవచ్చని అనుమతి కూడా ఇచ్చింది. కాబట్టి దొంగతనం అన్న బాధా లేదు. నేనైతే ముందు అదే చేయమంటాను. ఒక నెల రోజులు పెట్టుకోండి. మొదటి వారం అన్ని ఆటలూ వరసగా తెరిచి చూస్తారు, అది సహజం. మూడో వారంలో కూడా మీరు దాన్ని తెరుస్తున్నారా, తెరిచి ఏం చేస్తున్నారు అన్నది గమనించండి. మూడో వారానికి తెరవడం మానేస్తే ఆవిడ చెప్పిందే నిజం, డబ్బు మిగిలింది.

తెరుస్తూనే ఉంటే మాత్రం ఒక చిక్కు ఎదురవుతుంది. మీరు కొనాల్సిన కారణం ఆ చిక్కులోనే ఉంది. స్పెక్ట్రమ్‌లో మాటలు అక్షరం అక్షరం టైపు చేయం. పి నొక్కితే ప్రింట్ అన్న మాట మొత్తం వస్తుంది, జె నొక్కితే లోడ్, బి నొక్కితే బోర్డర్. ఒక్కో కీ మీద ఒక అక్షరం, ఒక ఎర్ర గుర్తు, పైన పచ్చ మాట, కింద ఎర్ర మాట. ఉన్న 40 కీలలో బేసిక్ భాష మొత్తం అచ్చు వేసి ఉండేది. అంటే ఆ కీబోర్డే ఆ యంత్రానికి మాన్యువల్. ల్యాప్‌టాప్ కీల మీద ఆ మాటలు ఉండవు. సర్కిల్ ఎక్కడుందో, బీప్ ఎక్కడుందో వెతుక్కోవడంతోనే సాయంత్రం అయిపోతుంది. మీకైతే వేళ్లకి గుర్తుండొచ్చు. మీ అమ్మాయికి మాత్రం దారి దొరకదు. ఆ రబ్బరు కీలు టైపింగ్‌కి గొప్పవేం కాదు, అప్పుడూ కాదు ఇప్పుడూ కాదు. కానీ ఆ మాటలు కళ్లెదుట ఉండటం వల్లే మనలో చాలామంది ఎవరూ నేర్పకుండా నేర్చుకున్నాం. ఇదేంటో నొక్కి చూద్దాం అనిపించేది.

అందుకే ఎవరు అడిగినా నేను చెప్పే షరతు ఒక్కటే. కీబోర్డు పనిచేసేది కొనండి. ఈ సంగతి తయారీదార్లకే కాస్త ఆలస్యంగా అర్థమైంది. 2018లో రెట్రో గేమ్స్ అనే సంస్థ ఆ కాలపు ఇంకో ఇంటి కంప్యూటర్ కమడోర్ 64ని సగం సైజులో చేసి తెచ్చింది. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. కానీ దాని కీలు ఉత్తి ప్లాస్టిక్ అచ్చు, నొక్కితే కదలవు. టైపు చేయాలంటే వేరే యూఎస్‌బీ కీబోర్డు తగిలించుకోవాలి. అందరూ అడిగింది అసలు కీబోర్డే. 2019 డిసెంబర్లో అదే సంస్థ పూర్తి సైజు, నొక్కితే పనిచేసే కీలతో ఇంకోటి తెచ్చింది. చిన్నది అలమరలో పెట్టుకునే జ్ఞాపిక, పెద్దది కంప్యూటర్.

మీ విషయానికొస్తే రెండు దారులున్నాయి. మొదటిది, అదే రెట్రో గేమ్స్ 2024 నవంబర్లో తెచ్చిన 'ది స్పెక్ట్రమ్'. బహుశా మీరు ఫొటోలో చూసింది అదే. అసలు దాని సైజు, అదే నల్ల డబ్బా, మూలన అదే రంగుల చార, పనిచేసే రబ్బరు కీలు. వెనకాల హెచ్‌డీఎంఐ ఉంటుంది కాబట్టి ఇప్పటి టీవీకి నేరుగా తగులుతుంది. 48 ఆటలు అందులోనే ఉంటాయి. మీ సొంత ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వేసి లోడ్ చేసుకోవచ్చు. లోపల ఉన్నది సాఫ్ట్‌వేర్ ఎమ్యులేటరే. 48 మోడ్‌లో పెడితే మీరు వాడినట్టే కీకో మాట, 128 మోడ్‌లో పెడితే అక్షరం అక్షరం టైపు చేసుకోవచ్చు. టేపు రికార్డరు తగిలించుకునే రంధ్రం మాత్రం దీనికి ఉండదు.

రెండోది స్పెక్ట్రమ్ నెక్స్ట్. దీని కథ వేరు. ఇందులో ఎఫ్‌పీజీఏ అనే చిప్పు ఉంటుంది. ఎమ్యులేటర్ ఒక ప్రోగ్రాము మాత్రమే. ఎఫ్‌పీజీఏ అలా కాదు, తనలోని గేట్లను పాత సర్క్యూట్ ఎలా ఉండేదో అలా కలుపుకుని ఆ సర్క్యూట్టే అయిపోతుంది. నెక్స్ట్‌లో పాత స్పెక్ట్రమ్ ఉంటుంది, దానికి మించి 28 మెగాహెర్ట్జ్ వేగం, ఎక్కువ మెమరీ, ఎస్‌డీ కార్డు ఉంటాయి. టేపు రికార్డరుకి చోటు కూడా ఉంది. దీని డబ్బాకి రూపం ఇచ్చింది రిక్ డికిన్సన్. 1982లో అసలు స్పెక్ట్రమ్‌కి రూపమిచ్చిన మనిషే ఆయన. 2017లో ముందస్తుగా జనం దగ్గర డబ్బు పోగుచేసి ఈ పని మొదలుపెట్టారు. డబ్బు కట్టినవాళ్ల చేతికి యంత్రాలు అందేసరికి 2020 వచ్చింది. డికిన్సన్ 2018లోనే కన్నుమూశారు, పూర్తయిన యంత్రాన్ని చూడలేకపోయారు. అది చదివిన రోజు నాకు చాలాసేపు మనసు బాగాలేదు.

మీకు మొదటిది చాలు. ఎఫ్‌పీజీఏ గొప్పా, ఎమ్యులేటర్ గొప్పా అని కొందరు రోజుల తరబడి వాదించుకుంటారు, మీరు ఆ టెన్షన్ పెట్టుకోకండి. కీ నొక్కినప్పటికీ తెర మీద కదిలినప్పటికీ మధ్య ఆలస్యం అనిపిస్తే చాలాసార్లు తప్పు టీవీది. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెట్టండి. యంత్రం సెట్టింగుల్లో 50 హెర్ట్జ్ ఎంచుకోండి. ఆ కాలపు బ్రిటిష్ యంత్రం సెకనుకి 50 సార్లు తెర గీసేది. దాన్ని 60కి సర్దితే పక్కకి జరిగే బొమ్మలు అప్పుడప్పుడు చిన్నగా కుదుపుతాయి. హార్డ్‌వేర్‌తో కొత్త ప్రయోగాలు చేయాలని, ప్రాసెసర్‌కి నేరుగా చెప్పే అసెంబ్లీ భాషలో రాయాలని ఉంటేనే నెక్స్ట్ వైపు చూడండి.

ఇదే మాట కమడోర్ అభిమానులకీ వర్తిస్తుంది. వాళ్లకి పైన చెప్పిన పూర్తి సైజు యంత్రం ఉంది. 2025లో కమడోర్ పేరుతోనే ఎఫ్‌పీజీఏ మీద నడిచే కమడోర్ 64 అల్టిమేట్ వచ్చింది. కమడోర్ సంస్థ నమూనాల దశలోనే ఆపేసిన కమడోర్ 65ని బతికించిన మెగా65 కూడా ఉంది. బజారుకే రాని కంప్యూటర్‌ని ముప్పై ఏళ్ల తర్వాత అభిమానులు పూర్తిచేశారు. ఇంతకంటే గొప్ప ప్రేమ ఏ యంత్రానికి దక్కిందో నాకు తెలియదు. వేలకొద్దీ ఆటలున్నాయంటూ పేరూ ఊరూ లేని డబ్బాలు అమ్ముతుంటారు, వాటి జోలికి మాత్రం పోకండి. ఆ ఆటలు రాసినవాళ్లకి అందులో పైసా కూడా వెళ్లదు.

ఇవన్నీ ఎందుకు, పాత స్పెక్ట్రమే ఒకటి సంపాదిస్తే సరిపోదా అని మీకు అనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఒకటి కొన్నాను. పనిచేస్తోంది అనే అమ్మినాయన చెప్పాడు. ఆన్ చేస్తే సగం కీలు పలకలేదు. పైమూత మెల్లగా ఎత్తాను. కీల కింద ఉండే పల్చటి ప్లాస్టిక్ పొర నుంచి రెండు రిబ్బన్లు బోర్డులోకి వెళ్తాయి. ఏళ్లు గడిచి ఎండుటాకులా అయిపోయిన ఆ రెండూ నా చేతిలోనే పుటుక్కుమన్నాయి. కొత్త పొరలు ఇప్పటికీ తయారుచేస్తున్నారు కాబట్టి మార్చాను. తర్వాత కెపాసిటర్లు మార్చాల్సి వచ్చింది. తర్వాత టీవీ. పాత స్పెక్ట్రమ్ యాంటెన్నా సిగ్నల్ ఇస్తుంది, ఇప్పటి చాలా టీవీలు దాన్ని సరిగ్గా పట్టుకోవు. నాకు సోల్డరింగ్ ఇష్టం కాబట్టి ఆ నెల రోజులు బాగా గడిచాయి. మీకు ఆ ఇష్టం లేకపోతే పాతది కొనకండి. సాయంత్రం ఇరవై నిమిషాలు ఖాళీ దొరికినప్పుడు ఆన్ చేస్తే ఆన్ అవ్వాలి. కొత్తగా చేసినవాటి అసలు విలువ అది.

మీ అమ్మాయి సంగతి. ఆటలతో మొదలుపెట్టకండి. ఇవాళ్టి పిల్లలకి ఆ ఆటలు కష్టంగా, నెమ్మదిగా అనిపిస్తాయి, వాళ్ల తప్పు కాదు. మా మేనకోడలికి పదకొండేళ్లప్పుడు నేను ఆ పొరపాటే చేశాను. రెండు ఆటలు చూసి "బాగుంది మావయ్యా" అని మర్యాదకి అని ఫోన్ తీసుకుంది. మర్నాడు ఇంకోలా మొదలుపెట్టాను. "బి నొక్కు" అన్నాను. బోర్డర్ అని పూర్తి మాట వచ్చేసరికి నా వైపు చూసింది. "ఇప్పుడు 2 నొక్కి ఎంటర్ కొట్టు." తెర చుట్టూ అంచు మొత్తం ఎర్రబడింది. ఇంక చెప్పాల్సిన పని లేకపోయింది. 3, 4, 5, అన్నీ తనే చూసుకుంది.

తర్వాత నాలుగు లైన్లు రాయించాను. 10లో ఫర్ ఐ ఈక్వల్ టు 0 టు 7. 20లో బోర్డర్ ఐ. 30లో నెక్స్ట్ ఐ. 40లో గోటూ 10. ఆర్ నొక్కితే రన్. అంచు ఒక్కో రంగుకి మారుతుందని తను అనుకుంది. మారలేదు. అంచంతా రంగురంగుల అడ్డ పట్టీలు పైకీ కిందికీ కదులుతున్నాయి. "ఇదేంటి, గీతలొస్తున్నాయి?" అంది. తెర ఒక్కసారి పైనుంచి కిందికి గీయడానికి సెకనులో యాభయ్యో వంతు పడుతుందని, అది గీస్తూ ఉండగానే నీ ప్రోగ్రాము రంగు మార్చేస్తోందని చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే దాన్ని ఆగమని చెప్పొచ్చా?" అని అడిగింది. ఎం కీ మీద పాజ్ అని ఉంది. దాన్ని తనే వెతికి పట్టుకుంది. పాజ్ 50 అంటే సరిగ్గా ఒక్క సెకను. ఆ లైను ఎక్కడ పెట్టాలి? 20కీ 30కీ మధ్య. 25 అని నంబరు వేసి రాసింది. లైను నంబర్లు పదేసి ఎందుకు వేస్తారో నేను చెప్పకుండానే తెలిసిపోయింది. రంగులు సెకనుకొకటి చొప్పున నిదానంగా మారుతుంటే ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.

దీనివల్ల మీ అమ్మాయికి ఉద్యోగానికి పనికొచ్చే చదువు వస్తుందని నేను చెప్పను. ప్రోగ్రామింగ్ పద్ధతిగా నేర్చుకోవాలంటే పైథాన్ ఉంది. ఈ యంత్రం దగ్గర దొరికేది వేరు. కంప్యూటర్ అంటే మనం చెప్తే వినేది అన్న నమ్మకం. అది చిన్నప్పుడే కుదరాలి. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు వెనకున్న ఎబెన్ అప్టన్ కూడా ఈ దిగులుతోనే ఆ పని మొదలుపెట్టారు. కేంబ్రిడ్జిలో కంప్యూటర్ సైన్స్‌కి వచ్చే పిల్లల్లో, ఇంట్లో కంప్యూటర్‌తో కుస్తీ పట్టినవాళ్లు తగ్గిపోవడం ఆయన గమనించారు. ఆయన తరం బీబీసీ మైక్రో అనే ఆ కాలపు బ్రిటిష్ కంప్యూటర్ మీద పెరిగింది. 2012లో వచ్చిన ఆ చిన్న బోర్డు ఆ లోటు తీర్చడానికే. కాబట్టి మీ మనసు ఫొటో వైపు లాగడంలో చిన్నతనం తప్ప ఇంకేమీ లేదనుకోకండి. కాకపోతే దాన్ని ట్యూషన్‌గా మార్చకండి. యంత్రాన్ని హాల్లో టీవీ దగ్గరే ఉంచండి, గదిలో పెట్టి తలుపు వేస్తే మీరొక్కరే వాడతారు.

ఇప్పుడు క్యాసెట్లు. పని మొదలుపెట్టే ముందు ప్రతి క్యాసెట్ పైఅంచున రెండు మూలల్లో ఉండే చిన్న ప్లాస్టిక్ పలుకులు ఉన్నాయేమో చూసి, ఉంటే విరగ్గొట్టండి. పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా చెరిగిపోకుండా ఉంటుంది. టేపు కనిపించే చోట మధ్యలో చిన్న మెత్తటి గుడ్డముక్క ఒకటి ఇనుప రేకు మీద అతికించి ఉంటుంది. జిగురు ఎండిపోయి అది రాలిపోవడం మామూలే. అది లేకపోతే టేపు, ప్లేయర్లో దాన్ని చదివే హెడ్‌కి సరిగ్గా ఆనదు, శబ్దం మసకబారుతుంది. రాలిపోయి ఉంటే పాత పాటల క్యాసెట్‌ది తీసి అతికించండి. టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే మాత్రం ప్లేయర్లో పెట్టకండి, దాన్ని విడిగా ఉంచి పాత టేపులు శుభ్రం చేయడం తెలిసినవాళ్లకి చూపించండి. బాగున్నవాటిని ఒకసారి చివరిదాకా, మళ్లీ వెనక్కి తిప్పండి. చుట్లు ఒకదానికొకటి అంటుకుని ఉంటే వదులవుతాయి.

మంచి స్థితిలో ఉన్న క్యాసెట్ ప్లేయర్ సంపాదించి, హెడ్ శుభ్రం చేసి, ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి ల్యాప్‌టాప్ మైకు లేదా లైన్ ఇన్‌పుట్‌కి తీగ కలపండి. ల్యాప్‌టాప్‌కి అలాంటి రంధ్రం లేకపోతే చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు సరిపోతుంది. ఆడాసిటీ అనే ఉచిత రికార్డింగ్ ప్రోగ్రాములో 44.1 కిలోహెర్ట్జ్, మోనో, వేవ్ ఫైలుగా రికార్డ్ చేయండి. ఎంపీ3 వద్దు. అది మన చెవికి వినిపించని సూక్ష్మాలని తీసేస్తుంది, అవి కంప్యూటర్‌కి కావాలి. శబ్దం శుభ్రం చేసే ఫిల్టర్లన్నీ ఆపేయండి. అలలు పైనా కిందా కత్తిరించినట్టు కనిపిస్తే వాల్యూమ్ తగ్గించండి.

ముందుగా ఐదు సెకన్లపాటు ఒకే స్వరంలో కూత వినిపిస్తుంది. తర్వాత అర క్షణం గరగర. అందులో ఉన్నది 17 బైట్లు, ప్రోగ్రాము పేరు, సైజు. మళ్లీ రెండు సెకన్ల కూత, ఆ తర్వాత పొడుగాటి గరగర. అదే మీ ప్రోగ్రాము. కూత మసకగా, దుప్పటి కప్పినట్టు వినిపిస్తే ప్లేయర్ హెడ్ పక్కన ఉన్న చిన్న స్క్రూని మెల్లగా, పావు చుట్టు కూడా కాకుండా, అటూ ఇటూ తిప్పుతూ శబ్దం బాగా కరుకుగా వచ్చే చోట ఆపండి. నలభై ఏళ్ల కిందట మీ రికార్డరు హెడ్ ఏ కోణంలో ఉందో, ఇప్పటి ప్లేయర్ హెడ్‌ని ఆ కోణానికి తెస్తున్నారన్నమాట. చాలా టేపులు ఈ ఒక్క సర్దుబాటుతో బతుకుతాయి. లోడ్ కాకపోతే ఒక్కో వైపూ రెండు మూడు సార్లు రికార్డ్ చేసి ఉంచండి. ఒకదాంట్లో పోయిన బైటు ఇంకోదాంట్లో దొరకొచ్చు.

వేవ్ ఫైలుని టేప్ ఫైలుగా మార్చడానికి ఫ్యూజ్‌తో పాటు దొరికే చిన్న ప్రోగ్రాములున్నాయి. ఆ ఫైళ్లు ఎమ్యులేటర్లోనూ, రేపు మీరు కొనబోయే యంత్రంలోనూ పనిచేస్తాయి. రెండు చోట్ల కాపీలు పెట్టండి. అసలు క్యాసెట్లు పారేయకండి, వాటి మీద మీ చేతిరాత ఉండి ఉంటుంది.

లోడ్ చేసేటప్పుడు వేగం పెంచే ఆప్షన్ ఉంటుంది, మొదటిసారికి ఆపేయండి. జె నొక్కి, రెండుసార్లు కోట్ గుర్తులు పెట్టి, ఎంటర్ కొట్టండి. అంచుల్లో ముందు ఎరుపు, లేత నీలం పట్టీలు, తర్వాత పసుపు, నీలం సన్న గీతలు. తెర మీద ప్రోగ్రామ్ అన్న మాట, పక్కన మీరు అప్పుడు పెట్టిన పేరు. పది అక్షరాలకి మించి పట్టేది కాదు కాబట్టి కుదించి పెట్టుంటారు. అయిపోగానే ఆర్ నొక్కకండి. కె నొక్కండి, లిస్ట్ అన్న మాట వస్తుంది, ఎంటర్ కొట్టండి. మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ లైన్లు ఒక్కొక్కటీ చదవండి. ఇక్కడ ఇలా ఎందుకు రాశావు నాన్నా అని అడుగుతుంది. కొన్నిటికి మీకు జవాబు గుర్తురాదు, ఇద్దరూ కలిసి నడిపించి చూడండి. తను ఏదైనా మార్చాలంటే మార్చనివ్వండి. మార్చినదాన్ని మాత్రం కొత్త పేరుతో సేవ్ చేయించండి. మీరు ఏడో తరగతిలో రాసింది రాసినట్టే ఉండాలి.